నార్డిక్ టెస్టులో 268 న్యూటన్లు, రిపోర్టులో ఎర్ర గుర్తు. నా హ్యామ్‌స్ట్రింగ్ నిజంగా పట్టేస్తుందా?

ఎడమ_వింగర్
అందరికీ నమస్కారం. నాకు 21 ఏళ్లు, బరువు 62 కిలోలు, ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగ్ ఆడతాను. సీజన్ మొదలయ్యే ముందు మా టీమ్‌లో అందరికీ తొడ వెనక కండరం (హ్యామ్‌స్ట్రింగ్) బలం చూశారు. మోకాళ్ల మీద నిలబెట్టి, మడమల పైన కొక్కేల్లో కాళ్లు ఇరికించి, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలమన్నారు. దీన్నే నార్డిక్ అంటారట. మూడుసార్లు చేయించి ఎక్కువ వచ్చింది రాసుకున్నారు. నాకు ఎడమ 268, కుడి 291 న్యూటన్లు. 337 దాటినవాళ్లకు పచ్చ గుర్తు, దాటనివాళ్లకు ఎరుపు. నాది ఎరుపు. "337 వచ్చేదాకా మ్యాచ్ ఆడించను" అని కోచ్ తేల్చేశారు.

నాకు నొప్పి లేదు. ఫుల్ స్పీడ్‌లో పరిగెడుతున్నాను. కానీ ఆ రిపోర్టు చూసినప్పటి నుంచి స్ప్రింట్ కొట్టిన ప్రతిసారీ ధ్యాసంతా తొడ వెనకే. టెన్షన్‌తో అడుగు కూడా సరిగా పడట్లేదు. ఈ 337 ఎక్కడి నుంచి వచ్చింది? అది రాకపోతే గాయం ఖాయమా?

బార్బెల్_బాబాయ్
తమ్ముడూ, సూటిగా చెప్తా, ఏమనుకోకు. బలం తక్కువంటే తక్కువే. మెషీన్‌కి నీ మీద కోపమేం లేదు కదా. మా జిమ్‌లో పదేళ్లుగా ఆటగాళ్లను చూస్తున్నా, బలహీనమైన తొడలతో స్ప్రింట్లు కొట్టేవాళ్లే ముందు మంచాన పడతారు. కోచ్ చేసింది కరెక్టే. టెస్టులో చేసిన ఆ వాలడమే వ్యాయామంగా ఆరు వారాలు నార్డిక్‌లు చెయ్, మళ్లీ టెస్టు ఇవ్వు, ఆడుకో.

గోనియోమీటర్
నేను ఫిజియోని. బాబాయ్ గారు "నార్డిక్‌లు చెయ్" అన్నదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను, "కోచ్ చేసింది కరెక్టే" అన్నదాంతో అస్సలు ఏకీభవించను.

ముందు ఆ 337 సంగతి. అది ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద టిమ్మిన్స్ బృందం చేసిన అధ్యయనంలోది, 2016లో అచ్చయింది. 152 మంది. అక్కడ 337 న్యూటన్ల కంటే తక్కువ ఉన్నవాళ్లకు గాయం రిస్కు 4.4 రెట్లు కనిపించింది. అంతకు ఏడాది ముందు ఓపర్ బృందం ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, వేరే ఆట) ఆడే 210 మందిని చూస్తే, ప్రీసీజన్ మొదట్లో గీత 256 దగ్గర పడింది, ప్రీసీజన్ చివర 279 దగ్గర. అదే ఏడాది రగ్బీ ఆటగాళ్లలో చూస్తే అసలు బలానికి సంబంధమే దొరకలేదు; రెండు కాళ్ల మధ్య తేడా 15 శాతం, 20 శాతం దాటినవాళ్లకే రిస్కు పెరిగింది. మూడు గుంపులు, మూడు జవాబులు. ఎవరి గీత వాళ్ల ఆటగాళ్లదే. దాన్ని తెచ్చి 62 కిలోల కుర్రాడి మీద గీస్తే ఎలా? ఆస్ట్రేలియన్ రూల్స్ ఆడేవాళ్లలో చాలామంది 80 కిలోల పైమాటే. నార్డిక్‌లో కండరం మోసేది సొంత ఒంటినే, ఒళ్లు బరువైతే కొక్కెం మీద లాగుడూ ఎక్కువే.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. కొక్కెం కొలిచేది మడమ దగ్గర లాగుడు మాత్రమే. మోకాలి నుంచి కొక్కెం దాకా ఉన్న దూరంతో దాన్ని గుణిస్తేనే మోకాలి దగ్గర పనిచేసే అసలు టార్క్ (తిప్పే బలం) తెలుస్తుంది. ఇద్దరికీ 300 న్యూటన్లే వచ్చాయనుకోండి. ఆ దూరం ఒకరికి 36 సెంటీమీటర్లు, ఇంకొకరికి 42 అయితే, ఒకరిది 108 న్యూటన్ మీటర్లు, రెండోవారిది 126. రిపోర్టులో మాత్రం ఇద్దరూ సమానం.

ఎడమ_వింగర్, మీకు కొన్ని ప్రశ్నలు. ఇదే కండరానికి ముందెప్పుడైనా గాయం అయిందా? ఈ టెస్టు ఇంతకుముందు చేశారా? టెస్టుకు ముందు రెండు రోజుల్లో ఏం ప్రాక్టీస్ చేశారు?

ఎడమ_వింగర్
థాంక్యూ మేడమ్. 14 నెలల కిందట ఎడమ వైపే లాగేసింది. అప్పుడు నాలుగు వారాలు ఆడలేదు. నార్డిక్ చేయడం ఇదే మొదలు. టెస్టు ముందు రోజు సాయంత్రం 30 మీటర్ల స్ప్రింట్లు పది కొట్టించారు. టెస్టయ్యాక మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను.

గోనియోమీటర్
అంటే అలసిన కాళ్లతో, మొదటిసారి, ఎలా చేయాలో తెలియకుండా చేశారు. రెండోసారికి కేవలం ఒడుపు తెలిసినందుకే అంకె పెరుగుతుంది. 268 అనేది మీ బలం అనుకోకండి, ఆ రోజు ఆ కాళ్లు ఇచ్చింది అంతే అనుకోండి.

కానీ పాత గాయం మాట మాత్రం తేలిగ్గా తీసుకోను. ఇన్నేళ్ల పరిశోధనల్లో గట్టిగా నిలబడిన రిస్కు కారణాలు రెండే: వయసు, ఇదే కండరానికి ముందు గాయం అయి ఉండటం. బలం వాటి తర్వాతే. ఓపర్, టిమ్మిన్స్ ఇద్దరి లెక్కల్లోనూ ఆసక్తికరమైనది ఒకటుంది. పాత గాయం ఉన్నవాళ్లకూ, వయసు పైబడినవాళ్లకూ బలం పెరిగేకొద్దీ ఆ అదనపు రిస్కు తగ్గుతూ వచ్చింది. కాబట్టి మీకు నార్డిక్ అవసరమే. ఎర్ర గుర్తు పడిందని కాదు, పాత గాయం ఉందని.

లెక్కల_పిచ్చి
అంకెల గురించి కాబట్టి దూరుతున్నా, క్షమించాలి.

ఈ పరికరం మీద ఓపర్ బృందమే 2013లో విశ్వసనీయత చూసింది. అదే మనిషి మళ్లీ అదే టెస్టు చేస్తే మామూలుగా వచ్చే తేడా దాదాపు 22 నుంచి 28 న్యూటన్లు. అంటే 268 వచ్చినవాడికి ఇంకో రోజు ఏ మార్పూ లేకుండా 290 రావచ్చు, 250 రావచ్చు. నిజంగా మార్పు వచ్చిందని గట్టిగా చెప్పాలంటే 60 నుంచి 76 న్యూటన్ల తేడా కావాలని వాళ్లే తేల్చారు. ఇక 336కి ఎరుపు, 338కి పచ్చ అంటే బొమ్మా బొరుసే. రెండు కాళ్ల మధ్య నీ తేడా 23 న్యూటన్లు, సుమారు 8 శాతం. దానికి నిద్ర చెడగొట్టుకోకు.

రెండోది, "4 రెట్లు రిస్కు" అనే మాట. వినడానికి భయంగా ఉంటుంది. ఊహించిన అంకెలతో చెప్తా. వంద మంది ఆటగాళ్లలో 40 మంది "బలహీనులు", 60 మంది "బలవంతులు" అనుకుందాం. సీజన్‌లో బలహీనుల్లో 9 మందికి, బలవంతుల్లో 6 మందికి గాయమైంది. ఒకవైపు 22.5 శాతం, ఇంకోవైపు 10 శాతం. రిస్కు రెండు రెట్ల పైనే, పేపర్లో వేసుకోవచ్చు. కానీ ఎర్ర గుర్తు పడిన 40 మందిలో 31 మందికి ఏమీ కాలేదు. గాయపడిన 15 మందిలో ఆరుగురికి పచ్చ గుర్తే ఉంది. ఆ 40 మందినీ బెంచీ మీద కూర్చోబెడితే 31 మందికి ఊరికే శిక్ష.

గుంపుల మధ్య తేడా ఉండటం వేరు, ఫలానావాడికి గాయమవుతుందని చెప్పగలగడం వేరు. నార్వేకు చెందిన రొవాల్డ్ బార్ 2016లో గట్టిగా వాదించింది ఇదే: గాయపడేవాళ్ల అంకెలు, పడనివాళ్ల అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, మధ్యలో గీత ఎక్కడ గీసినా తప్పే.

బార్బెల్_బాబాయ్
అయ్యా లెక్కల మాస్టారూ, టెస్టు పనికిరాదంటే బలం పనికిరాదనేగా? మరి నార్డిక్ చేసినవాళ్లకు గాయాలు సగానికి తగ్గాయని మీరే ఎక్కడో రాశారు. రెండు నాలుకలా?

లెక్కల_పిచ్చి
లేదు బాబాయ్, ఒకటే నాలుక, ప్రశ్నలే రెండు. వానొస్తుందా రాదా చెప్పడం ఒకటి, గొడుగు పని చేస్తుందా లేదా చూడటం ఇంకొకటి. వాన సంగతి సరిగ్గా చెప్పలేకపోయినా గొడుగు పని చేస్తుంది.

డెన్మార్క్‌లో జరిగి 2011లో అచ్చయిన పెటర్సన్ ట్రయల్ చూడండి. 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు, టీములవారీగా సగం నార్డిక్, సగం మామూలు ప్రాక్టీస్. నార్డిక్ చేసినవాళ్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు 15, చేయనివాళ్లలో 52. బలహీనులెవరో ముందు టెస్టు పెట్టి ఏరలేదు. అందరితో చేయించారు. 2019లో ఇలాంటి అధ్యయనాలు 15, ఎనిమిది వేల మంది పైచిలుకు ఆటగాళ్లవి కలిపి చూసినా గాయాలు సుమారు సగానికి తగ్గాయి. ఎర్ర గుర్తువాళ్లకే నార్డిక్ ఇచ్చి పచ్చ గుర్తువాళ్లను వదిలేస్తే, నా పైలెక్కలో ఆ ఆరుగురికి గొడుగు లేనట్టే.

పేస్_బౌలర్
ఆ ఆరుగురిలో నేనొకడిని. నవ్వుకోండి. పోయిన సీజన్ నాకు 420 పైన వచ్చింది, టీమ్‌లో నేనే ఫస్టు. గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టుకున్నా. తర్వాత జ్వరంతో మూడు వారాలు ఇంట్లో పడుకుని, లేచిన మొదటి వారమే నెట్స్‌లో ఫుల్ రనప్‌తో రెండు పూటలా బౌలింగ్ వేశా. నాలుగో రోజు డెలివరీ స్ట్రైడ్‌కి ముందు అడుగులో తొడ వెనక ఎవరో రాయి విసిరినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశా కూడా. ఎవరూ లేరు. ఐదు వారాలు అవుట్.

ఇప్పటికీ అర్థం కాదు. అంత బలం ఉండీ ఎందుకు పోయింది?

గోనియోమీటర్
ఎందుకంటే టెస్టులో మీ కండరం చేసిన పని ఒకటి, రనప్‌లో చేసింది ఇంకొకటి. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

పరుగులో కాలు గాల్లో ముందుకు ఊగి, పాదం నేలను తాకబోయే ముందు క్షణం ఒకటుంది. మోకాలు వేగంగా చాచుకుంటుంటే దాన్ని ఆపడానికి హ్యామ్‌స్ట్రింగ్ బ్రేకు వేస్తుంది. అంటే సాగుతూనే బలం పెడుతుంది, దీన్నే ఎక్సెంట్రిక్ పని అంటాం. స్ప్రింట్ గాయాలు ఎక్కువగా అక్కడే, అదీ బయటివైపు ఉండే బైసెప్స్ ఫెమొరిస్ అనే కండరంలోని పొడవాటి భాగానికే (లాంగ్ హెడ్) తగులుతాయి. 2005లో అచ్చయిన ఒక కేసులో ల్యాబ్ ట్రెడ్‌మిల్ మీద, కెమెరాలు తిరుగుతుండగానే ఒకతనికి గాయమైంది. పాపం అతనికి నష్టం, మనకు డేటా. ఆ రికార్డు చూసినా వేలు చూపించింది ఆ క్షణం వైపే.

ఆ క్షణంలో మంచి స్ప్రింటర్‌కి మోకాలు చాచుకునే వేగం సెకనుకు వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. నార్డిక్ మెల్లగా వాలడం. కుర్చీలో కట్టేసి, మోకాలు కదిలే వేగాన్ని మెషీన్ స్థిరంగా ఉంచుతూ చేసే ఐసోకైనెటిక్ టెస్టు కూడా సాధారణంగా సెకనుకు 60 నుంచి 300 డిగ్రీల మధ్యే. పైగా నార్డిక్‌లో తుంటి నిటారుగా ఉంటుంది, పరుగులో తుంటి వంగి ఉంటుంది కాబట్టి కండరం ఇంకా ఎక్కువ సాగి ఉంటుంది. ఖతర్ లీగ్‌లో 614 మందికి ఐసోకైనెటిక్ టెస్టు పెట్టి నాలుగు సీజన్లు చూశారు, 190 మందికి గాయాలయ్యాయి. చూసిన కొలతలు రెండు డజన్లు, సంబంధం కనిపించినవి రెండు, అవీ అంతంత మాత్రం. తొడ వెనక కండరం బలాన్ని ముందు కండరం బలంతో పోల్చి "0.6 ఉండాలి" అనే పాత నిష్పత్తిని చాలామంది పట్టుకు వేలాడతారు. నేనూ చదువుకునే రోజుల్లో అది వేదమనుకున్నాను.

అయితే 2008లో క్రోయిసియే బృందం 462 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లను చూసి, రెండు కాళ్ల మధ్య, ముందు వెనక కండరాల మధ్య అసమతుల్యత ఉండి సరిచేసుకోనివాళ్లకు రిస్కు నాలుగు రెట్ల పైనే అని చెప్పింది. అందుకే ఇది తేలిన వ్యవహారం కాదు. బాబాయ్ గారి పక్షాన కూడా కాగితాలున్నాయి, ఒప్పుకుంటాను.

మీ విషయంలో నేను చూసేది ఆ మూడు వారాల ఖాళీని. ఆస్ట్రేలియన్ రూల్స్ ఆటగాళ్లలో, తమకు అలవాటైన దానికంటే హై స్పీడ్ పరుగు ఒక్కసారిగా పెరిగిన వారాల తర్వాత హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు ఎక్కువ కనిపించాయి. మీకు బలం ఉంది, ఆ వారం వేగానికి అలవాటు లేదు. అలవాటు కొక్కెంలో కనిపించదు.

రెండో_బెంచి
న్యూటన్లు, టార్కులు బాగున్నాయి. మా టీమ్‌లో మెషీన్ కాదు కదా, స్ట్రెచింగ్‌కి చాప కూడా ఇద్దరికి ఒకటి. మాలాంటివాళ్ల సంగతేంటి?

గోనియోమీటర్
ఒంటికాలి బ్రిడ్జ్. వెల్లకిలా పడుకుని, 60 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె మీద ఒక మడమ పెట్టి, మోకాలు కొద్దిగా మాత్రమే వంచి, చేతులు గుండెల మీద కట్టుకుని నడుము పైకెత్తాలి. ఆగకుండా ఎన్నిసార్లు చేయగలరో లెక్క. సాధారణంగా 20 కంటే తక్కువైతే పేలవం, 30 దాటితే బాగున్నట్టు చెప్తారు. రెండు కాళ్లకూ వేరువేరుగా చూసుకోండి. ఇది బలం కంటే ఓపికను ఎక్కువ చూపిస్తుంది, అది గుర్తుండాలి.

బీపీ చూసే పాత రకం మెషీన్ ఉంటే ఇంకో ఉపాయం. కఫ్‌లో కొద్దిగా గాలి నింపి కుర్చీ మీద పెట్టి, పడుకుని మడమతో గట్టిగా నొక్కడం. ముల్లు ఎక్కడికి పోయిందో రాసుకోవడం. ప్రతివారం అదే రోజు, అదే కుర్చీ, మోకాలు అదే వంపు. పక్కవాడితో పోల్చడానికి కాదు, నిన్నటి మీతో పోల్చడానికి. మ్యాచ్ తర్వాత రెండు రోజులైనా ఒక కాలు మామూలు స్థాయికి రాలేదంటే ఆ రోజు స్ప్రింట్లు తగ్గించుకోవచ్చు.

బార్బెల్_బాబాయ్
బీపీ మెషీన్ ఐడియా బాగుంది. మా ఆవిడ దాచిపెడుతుందేమో.

సరే, నేనూ ఒక మెట్టు దిగుతా. టెస్టు గాయం సంగతి చెప్పదు, ఒప్పుకున్నా. కానీ చేస్తున్న ట్రైనింగ్ పనిచేస్తోందో లేదో చెప్తుంది కదా? గాయం తర్వాత తిరిగొచ్చేవాడికి పాత అంకె ఉంటే ఎంతవరకు కోలుకున్నాడో తెలుస్తుంది కదా? ఆ మాత్రం ఇవ్వండి.

లెక్కల_పిచ్చి
ఇచ్చేశాం బాబాయ్. అసలు దాని పనే అది.

పాత_స్ప్రింటర్
ఆలస్యంగా చూశాను. పదిహేనేళ్లు 100, 200 పరిగెత్తాను, మూడుసార్లు ఈ కండరం చింపుకున్నాను, అందులో రెండు తొందరపడి తిరిగొచ్చి తెచ్చుకున్నవే. ఎడమ_వింగర్ మొదటి పోస్టులో ఒక ముక్క మీరంతా దాటేశారు. "ధ్యాసంతా తొడ వెనకే, అడుగు సరిగా పడట్లేదు" అన్నాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. భయపడుతూ స్ప్రింట్ చేసేవాడు అడుగు కుదించుకుంటాడు, ఒళ్లు బిగబట్టుకుంటాడు, కొన్నాళ్లకు ఫుల్ స్పీడే మానేస్తాడు. తర్వాత ఒక మ్యాచ్‌లో బంతి కోసం తప్పనిసరై ఫుల్ స్పీడ్ పోతాడు. పేస్_బౌలర్ కథే మళ్లీ.

తమ్ముడూ, స్వీడన్‌లో ఆస్‌క్లింగ్ అనే ఆయన వాడే ఒక పరీక్ష ఉంది. మామూలు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని తేలాక చేసేది. పడుకుని, మోకాలు నిటారుగా కట్టేసి, కాలిని వీలైనంత వేగంగా పైకి లేపాలి. నొప్పి కంటే ముందు అడిగేది "నీకు జంకు అనిపించిందా" అని. జంకు ఉంటే ఇంకా సిద్ధం కానట్టే. న్యూటన్లు ఎవరైనా కొలుస్తారు, జంకు ఎవరూ కొలవరు. అయితే అది మీ ఫిజియో దగ్గరుండి చేయించాల్సింది, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

ఎడమ_వింగర్
నిజమే అన్నా. టెస్టుకు ముందు జంకు లేదు, టెస్టు తర్వాతే వచ్చింది. ఇప్పుడు ఏం చేయమంటారు? కోచ్‌తో వాదించే ధైర్యం నాకు లేదు.

గోనియోమీటర్
వాదించొద్దు, అడగండి. "సార్, అలసట లేని రోజు ఇంకోసారి టెస్టు పెట్టగలరా?" అనండి. ముందు 48 గంటలు స్ప్రింట్లు లేకుండా, అదే వార్మప్‌తో. రెండు అంకెలు ఉంటే మాట్లాడటం సులువు.

ఈలోపు నార్డిక్ మొదలుపెట్టండి. మొదటి వారం ఒక్కరోజే, రెండు సెట్లు, సెట్‌కు ఐదు. వాలేటప్పుడు నడుము వంగితే అంత మేరకు కండరం తప్పించుకున్నట్టే, కాబట్టి తక్కువ దూరమైనా నిటారుగా వాలండి. చివర్లో చేతులు నేలకు ఆనించి ఆపుకోండి, పైకి లేవడానికీ చేతుల సాయమే తీసుకోండి. తర్వాతి వారాల్లో రెండు రోజులకు, మూడు సెట్లకు పెంచండి. సీజన్ మొదలయ్యాక వారానికి ఒక్కరోజు, రెండు సెట్లు నాలుగేసి చేసినా వచ్చిన ఫలితం నిలుస్తుంది. పూర్తిగా మానేస్తే మాత్రం నార్డిక్‌తో పెరిగిన కండరం నారల పొడవు కొన్ని వారాల్లోనే మళ్లీ తగ్గడం మొదలవుతుంది. టిమ్మిన్స్ అధ్యయనంలో పొట్టి నారలున్నవాళ్లకు కూడా రిస్కు నాలుగు రెట్లే కనిపించిందని మర్చిపోవద్దు. మ్యాచ్ ముందు రోజు నార్డిక్ వద్దు, మెట్ల కథ మీకు తెలుసు కదా.

వారానికి ఒకటి రెండుసార్లు బాగా వార్మప్ చేసి, మెల్లగా పెంచుకుంటూ పోయి దాదాపు ఫుల్ స్పీడ్ పరుగులు కొన్ని తప్పక కొట్టండి. భయంతో అవి మానొద్దు.

పేస్_బౌలర్
మూడు రోజులు జ్వరం వచ్చినా సరే, తిరిగొచ్చాక మొదటి రోజే ఫుల్ స్పీడ్ మాత్రం వద్దు. ఇది నేను అనుభవంతో ఇస్తున్న ఉచిత సలహా.

ఎడమ_వింగర్
తొమ్మిది వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. మేడమ్ చెప్పినట్టు ముందు అలసట లేని రోజు టెస్టు అడిగాను. ఏ ట్రైనింగూ పెరగకుండానే ఎడమ 289, కుడి 302 వచ్చింది! కోచ్ కాసేపు కాగితం చూసి "అయితే మొదటిది తప్పా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. రెండో మ్యాచ్ నుంచి అరగంట చొప్పున దింపారు. నిన్న మళ్లీ టెస్టు, ఎడమ 331, కుడి 338. ఎడమ పక్కన ఇంకా ఎర్ర గుర్తే ఉంది, కానీ ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. ఇప్పుడు టీమ్ మొత్తం మంగళవారం నార్డిక్‌లు చేస్తోంది, పచ్చ గుర్తువాళ్లతో సహా. వాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.

లెక్కల_పిచ్చి
మొదటి టెస్టు నుంచి ఎడమ 63 పెరిగింది, అందులో 21 ఊరికే వచ్చింది. మిగతాది చెమట. శుభం. ఆ 331ని చూసి 6 న్యూటన్ల కోసం ఏడవకు.

ఎడమ_వింగర్
ఏడవట్లేదు అన్నా. ఒక్క డౌట్ మాత్రం. నార్డిక్ చివర్లో తొడ కాకుండా పిక్క పట్టేస్తోంది. ఎందుకు?

గోనియోమీటర్
మడమల దగ్గర కాలు బిగించినప్పుడు పాదాన్ని కిందికి నొక్కిపెడుతున్నట్టున్నారు. పిక్క కండరం కూడా మోకాలిని దాటి వెళ్తుంది కాబట్టి హ్యామ్‌స్ట్రింగ్ అలిసేసరికి అది సాయానికి వస్తోంది. కాలివేళ్లు మోకాలి వైపు లాగి పెట్టి చేసి చూడండి, మోకాళ్ల కింద ఇంకొంచెం మెత్తగా ఏదైనా వేసుకోండి. అయినా పట్టేస్తుంటే సెట్‌కు ఒకటి తగ్గించండి. ఈ మంగళవారం చేశాక ఎలా ఉందో రాయండి.